బట్టీ పిల్లలు బడికి వచ్చారు, ఇప్పుడేం చేయాలి?

నవంబరు చివర్లో మొదలవుతాయి ఫోన్లు. "సార్, మా ఊరి బట్టీలో నలభై కుటుంబాలు దిగాయి. సీఆర్పీ (బడుల మధ్య తిరిగే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) వచ్చి పద్నాలుగు మంది పిల్లల్ని మా బడిలో వదిలి వెళ్లాడు. ఒక్కరికీ తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. ఏం చేయమంటారు?" ఏటా ఇదే ప్రశ్న, అడిగే టీచర్లే మారుతుంటారు. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది తెలంగాణలో ఇటుక బట్టీల పక్కన ఉన్న ప్రాథమిక పాఠశాలల సంగతి. పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి, యాదాద్రి వైపు పనిచేసేవాళ్లకు ఈ పరిస్థితి బాగా తెలుసు. మీ బడికి బీహార్ పిల్లలు వచ్చినా పద్ధతి దాదాపు ఇదే, ఒడియా అన్నచోట హిందీ అనుకోండి. గుంటూరు మిర్చి కోతలకు అమ్మానాన్నలతో వెళ్లే కర్నూలు పిల్లలకైతే భాష గొడవ లేదు కాబట్టి కింద రాసిన 6, 7 మెట్లు దాటేయండి, మిగతావి వాళ్లకూ పనికొస్తాయి.

ఈ పిల్లల్లో ఎక్కువమంది పశ్చిమ ఒడిశా వాళ్లు: బలాంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ జిల్లాలు. నువాఖాయ్ (కొత్త బియ్యం) పండుగ చుట్టుపక్కల పెద్దవాళ్లు సర్దార్ (కూలీలను కుదిర్చే మేస్త్రీ) దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. పంట పనులు అయ్యాక కాంటాబాంజీ లాంటి స్టేషన్లలో రైలెక్కుతారు. వానలు పడేలోపు, అంటే మే, జూన్ నెలల్లో తిరిగి వెళ్లిపోతారు. మన బడి ఏప్రిల్ చివర్లోనే మూతపడుతుంది. లెక్కేసుకుంటే మీ చేతిలో ఉన్నది నాలుగున్నర, ఐదు నెలలు. ఆ కాస్త టైంలో పిల్లలకు తెలుగు మొత్తం నేర్పేద్దామని దిగితే మీరూ అలసిపోతారు, వాళ్లూ పారిపోతారు. పిల్లకు ఇప్పటికే ఏం వచ్చో కనిపెట్టి, అది పోకుండా కాపాడి, దానికి కొంత కలిపి వాళ్ల బడికి తిరిగి అప్పజెప్పడమే మన పని. కింద రాసినదంతా దీని కోసమే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక రెండు వందల పేజీల నోటుబుక్. పిల్లకు నాలుగు పేజీల చొప్పున విడగొట్టండి.
- ఫోన్లో దీక్షా యాప్. ఒడిశా పాఠ్యపుస్తకాలు అందులో దొరుకుతాయి. 1, 2, 3 తరగతుల ఒడియా వాచకాల నుంచి మూడు నాలుగు పేజీలు ప్రింట్ తీయించుకోండి.
- గూగుల్ ట్రాన్స్‌లేట్. ఒడియా ఉంది. అయితే ఈ పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా సంబల్‌పురి, దాన్నే కోస్లీ అని కూడా అంటారు. పుస్తకాల ఒడియాకూ దానికీ తేడా ఉంది కాబట్టి యాప్ చెప్పిన మాటకు పిల్ల తెల్లమొహం వేస్తే తప్పు పిల్లది కాదు.
- స్టోరీవీవర్ సైట్ నుంచి ఒకే కథ ఒడియాలో, తెలుగులో. ఉచితమే. బొమ్మలు పెద్దగా ఉన్న చిన్న కథలు తీసుకోండి.
- పలకలు, బలపాలు, చింతగింజలు, అగ్గిపుల్లలు, పాత దినపత్రికల బొమ్మలు.
- బట్టీలో తెలుగో హిందీయో వచ్చిన ఒక మనిషి ఫోన్ నంబరు. అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఐదారేళ్లుగా వస్తున్న కుటుంబాల్లో ఇలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు.

1. మీరే ఒకసారి బట్టీకి వెళ్లండి

సీఆర్పీ తెచ్చిన లిస్టుతో సరిపెట్టుకోకండి. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి. ఇటుక కోసే పని చాలాచోట్ల తెల్లవారుజామున, రాత్రి సాగుతుంది, మధ్యాహ్నం వెళితే జనం నిద్రలో ఉంటారు. ముందు ఓనరుకో మునీంకో (లెక్కలు రాసే గుమాస్తాకో) ఒక మాట చెప్పి లోపలికి వెళ్లండి. తల్లుల దగ్గర కూర్చోండి. పిల్లలు ఎంతమంది, ఊర్లో ఏ తరగతి చదివారు, చంటిపిల్లను ఎవరు చూసుకుంటున్నారు, ఈ మూడూ అడిగితే చాలు.

మూడో ప్రశ్న ఎందుకంటే, తొమ్మిది పదేళ్ల ఆడపిల్ల బడికి రాకపోతే తొంభై పాళ్లు ఇంట్లో చంటిపిల్ల ఉన్నట్టే. దగ్గరలో అంగన్‌వాడీ ఉంటే ఆ చంటిపిల్లను అక్కడ చేర్పించండి, అక్క తనే మీ బడికి వస్తుంది. అంగన్‌వాడీ దూరమైతే మొదటి రెండు వారాలు చెల్లెలిని వెంటబెట్టుకుని రానివ్వండి. క్లాసులో గోల అవుతుంది, నిజమే. రాకపోవడం కంటే ఆ గోల నయం.

పిల్లలు ఆరబెట్టిన ఇటుకలు తిప్పుతూ కనిపిస్తే అక్కడే కేకలు వేయకండి. మర్నాటికి ఆ కుటుంబం మీకు మొహం చూపించదు. ముందు బడికి అలవాటు చేయండి. పిల్లల్ని బడికి పంపనివ్వకుండా బట్టీవాళ్లే ఆపుతున్నారని తేలితే మండల విద్యాధికారికి (ఎంఈఓకు) రాతపూర్వకంగా చెప్పండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

బట్టీ దగ్గరే ఒడియా వాలంటీరుతో వర్క్‌సైట్ స్కూల్ నడుస్తుంటే మీ పని సగం తగ్గినట్టే. ఆ పిల్లల పేర్లు ఏ బడి రిజిస్టర్లో ఉన్నాయో, మధ్యాహ్న భోజనం ఎక్కడి నుంచి వెళుతోందో మాత్రం కనుక్కోండి. వారానికి రెండు రోజులైనా వాళ్లు మీ బడికి వచ్చి మన పిల్లలతో ఆడుకునేలా చూడండి.

2. కాగితాల కోసం ఆగకుండా పేరు రాయండి

ఎక్కువ మంది టీచర్లు ఆగిపోయేది ఇక్కడే. "రికార్డ్ షీట్ (ప్రాథమిక బడి ఇచ్చే టీసీ లాంటి కాగితం) లేదు, ఆధార్ లేదు, డిసెంబరులో అడ్మిషన్ ఎలా ఇస్తాం?" ఇవ్వొచ్చు. ఇవ్వాలి కూడా. 2009 విద్యాహక్కు చట్టంలో నాలుగు సెక్షన్లు గుర్తుపెట్టుకుంటే ఎవరడిగినా జవాబు చెప్పగలరు.

- సెక్షన్ 4: బడి మానేసిన లేదా ఎప్పుడూ చేరని పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.
- సెక్షన్ 5: వేరే రాష్ట్రం నుంచి వచ్చినా బడి మారే హక్కు ఉంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు.
- సెక్షన్ 14: వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదు.
- సెక్షన్ 15: చేరే గడువు దాటిందని తిప్పి పంపకూడదు.

వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థలదని సెక్షన్ 9లో విడిగా ఉంది. సర్పంచ్‌తో, పంచాయతీ కార్యదర్శితో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది.

వయసు కాగితం లేకపోతే తల్లిదండ్రుల వాంగ్మూలం చాలు. వాళ్లకు తేదీ తెలియకపోతే ఏ నువాఖాయ్‌కి ముందు పుట్టింది, అన్న కంటే ఎన్నేళ్లు చిన్న అని అడగండి, సంవత్సరం తేలిపోతుంది. అంతేగాని జూన్ 1 అని మీరే ఒక తేదీ వేసేయకండి. రేపు ఆధార్ దొరికితే రెండు తేదీలై కూర్చుంటాయి.

పేరు రాయడంలో మనం చేసే తప్పు ఇంకోటి ఉంది. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు చివర. మాఝీ, బాగ్, తాండీ, సుణా, నాగ్ ఇవన్నీ అక్కడి ఇంటిపేర్లు. మన అలవాటు కొద్దీ వాటిని ముందుకు లాగి, 'మాఝీ'ని 'మజ్జి' చేసి రాస్తే ఒడిశాలో ఆ కాగితం ఎవరికీ అర్థం కాదు. ఆధార్ ఉంటే అందులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఎక్కించండి.

చేరిన రోజే హాజరు పట్టీలో పేరు, మధ్యాహ్నం అన్నం. "ఆన్‌లైన్ ఎంట్రీ అయ్యాక భోజనం" అనే మాట ఎవరు చెప్పినా వినకండి.

3. యూడైస్‌లో కొత్త నంబరు సృష్టించే ముందు పాతది వెతకండి

యూడైస్ అంటే బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు. ఒడిశాలో సర్కారు బడిలో చదివిన పిల్లకు అందులో 11 అంకెల పెన్ నంబరు (శాశ్వత విద్యా నంబరు) ఇప్పటికే ఉండొచ్చు. తండ్రి ఫోన్లో పాత రిపోర్టు కార్డు ఫొటో ఉందేమో చూడండి. లేదా ఊరి హెడ్మాస్టర్ నంబరు అడిగి వాట్సాప్‌లో తెప్పించుకోండి. పాత బడివాళ్లు పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (యూడైస్‌లో బడి వదిలిన పిల్లల జాబితాలోకి) వదిలితేనే మీరు దిగుమతి చేసుకోగలరు. కుదరకపోతే మండలంలో ఈ ఆన్‌లైన్ వివరాలు చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌కు అప్పజెప్పి మీరు పాఠం మీద పడండి. కంప్యూటర్ పని కంప్యూటర్ వాళ్లు చూసుకుంటారు.

4. వయసును బట్టి తరగతి. అందరినీ ఒకటిలో వేయకండి

మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇదే. పదకొండు మంది వచ్చారు, ఎవరికీ తెలుగు రాదు, అందరినీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టాను. సులువు కదా అనుకున్నాను. వాళ్లలో ఒక అమ్మాయికి పదేళ్లు. ఊర్లో నాలుగో తరగతి, తీసివేతలు చకచకా చేస్తుంది. ఆరేళ్ల పిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని మూడు రోజులు కూర్చుంది. నాలుగో రోజు రాలేదు. తర్వాత ఎంత తిరిగినా రాలేదు.

తొమ్మిదేళ్ల పిల్ల పేరు నాలుగులోనే ఉండాలి. ఉదయం ప్రార్థన నుంచి ఆటల వరకు, లెక్కలు, బొమ్మలు, అన్నం అన్నీ తన ఈడు పిల్లలతోనే. తెలుగు నేర్పే గంటన్నర మాత్రం వలస పిల్లలందరినీ వయసుతో పనిలేకుండా ఒకచోట చేర్చండి. చట్టం చెప్పే ప్రత్యేక శిక్షణ అంటే ఇదే. నిబంధనల ప్రకారం అది మూడు నెలలకు తగ్గకూడదు, రెండేళ్లు దాటకూడదు.

బడి మొత్తానికి మీరొక్కరే టీచరైతే తరగతి గోడలు ఎలాగూ లేవు. అప్పుడు కూడా రిజిస్టర్లో వయసు తరగతే రాయండి, కూర్చోబెట్టేది ఈడు పిల్లల పక్కనే.

5. మొదటి వారం పుస్తకం తీయకండి

నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, అన్నం ఎప్పుడు, ఎవరు కొడతారు, ఎవరు కొట్టరు. కొత్త చోట ఏ పిల్లకైనా ముందు తెలియాల్సింది ఇవే. చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించండి.

ప్రతి కొత్త పిల్లకూ మీ బడి పిల్ల ఒకరిని జత చేయండి. క్లాసులో ఫస్ట్ వచ్చే పిల్లను కాదు, వసపిట్టలా మాట్లాడే పిల్లను. జతగాళ్లకు మూడు పనులు చెప్పండి: నీళ్లకు తోడు వెళ్లడం, అన్నం దగ్గర పక్కన కూర్చోవడం, రోజుకు రెండు ఒడియా మాటలు తను నేర్చుకుని మీకు చెప్పడం. మూడోది మరిచిపోవద్దు. నేర్చుకునేది ఒక వైపు వాళ్లే అయితే కొత్త పిల్ల మొద్దు అన్న పేరు రెండు రోజుల్లో పడిపోతుంది.

మీరూ ఓ పది మాటలు నేర్చుకోండి. పాణి అంటే నీళ్లు, భాత అంటే అన్నం, అండా అంటే గుడ్డు, ఆస అంటే రా, బస అంటే కూర్చో, బహి అంటే పుస్తకం, జర అంటే జ్వరం, ఘర అంటే ఇల్లు. సంబల్‌పురిలో 'కాణా' అంటే ఏమిటి అని. బొమ్మ చూపించి "కాణా?" అన్నారనుకోండి, క్లాసంతా ఒక్కసారి లేచి చెబుతారు.

ఒక హెచ్చరిక. మన మాటలు కొన్ని వాళ్ల చెవికి వేరేగా వినిపిస్తాయి. 'మా' అంటే వాళ్లకు అమ్మ. 'బడి' అంటే ఎండబెట్టిన మినప వడియం. మొదటి రోజే "ఇది మా బడి" అని గట్టిగా చెప్పిస్తే పిల్లలు ఎందుకు పకపకా నవ్వుతున్నారో మీకు అర్థం కాదు. నాకు నెల రోజులు పట్టింది. మొదట్లో 'స్కూల్' అనండి, ఇద్దరికీ తెలిసిన మాట.

"ఒడిశావాళ్లు" అని గుంపుగా పిలవడం, "బట్టీ పిల్లలు ఇటు, మనోళ్లు అటు" అని అన్నం లైన్లు వేయడం మొదటి రోజే ఆపేయండి. ఈ వ్యాసం పైన నేనే 'బట్టీ పిల్లలు' అని రాశాను, మీరు వెతుక్కునే మాట అది కాబట్టి. క్లాసులో మాత్రం పేరు పెట్టి పిలవండి. పాలమూరు కూలీలు ముంబయి, పుణె వెళ్లినప్పుడు మన పిల్లలు కూడా మరాఠీ బడుల్లో ఇలాగే వెనక బెంచీల్లో కూర్చున్నారని మీ స్టాఫ్‌లో ఎవరికైనా గుర్తుచేయాల్సి వస్తే చేయండి.

6. పిల్లకు ఏం వచ్చో ఒడియాలోనే చూడండి

తెలుగు అక్షరాలు చూపించి, చదవకపోతే నోటుబుక్‌లో 'సున్నా' అని రాసుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. మిమ్మల్ని తీసుకెళ్లి తమిళ బోర్డు ముందు నిలబెడితే మీకూ సున్నాయే.

"నాకే ఒడియా రాదు, ఎలా చూడను?" అంటారు. ఒడియా చదవడం రాకుండానే చూసే మార్గాలు మూడున్నాయి.

మొదటిది నాకు బాగా నచ్చినది. ఇద్దరు పిల్లల్ని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టండి. ఒకరి చేతిలో ఒడియా వాచకం పేజీ, ఇంకొకరి చేతిలో పలక. ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి. తర్వాత మీరు పలక మీద ఉన్నదాన్నీ పేజీలో ఉన్నదాన్నీ బొమ్మల్లా పోల్చి చూడండి. ఆకారాలు సరిపోతే ఒకరికి చదవడం, ఇంకొకరికి రాయడం వచ్చినట్టే. ఇద్దరినీ మార్చి మళ్లీ చేయించండి. సరిపోకపోతే తప్పు ఎవరిదో తేల్చడానికి జతలు మార్చండి.

రెండోది, పిల్ల చదువుతుంటే ఫోన్లో రికార్డ్ చేసి, పేజీ ఫొటోతో సహా ఒడియా చదవడం వచ్చిన ఎవరికైనా పంపండి. వర్క్‌సైట్ వాలంటీరు, ఊరి హెడ్మాస్టర్, బట్టీలో చదువుకున్న యువకుడు, ఎవరైనా సరే. మూడోది, చూసి రాయడానికి ఏమీ ఇవ్వకుండా ఖాళీ కాగితం ఇచ్చి "మీ ఊరి పేరు, ఇంట్లోవాళ్ల పేర్లు రాయి" అనండి. సగం పేజీ నింపిన పిల్లకూ, పెన్సిల్ పట్టుకుని చూస్తూ కూర్చున్న పిల్లకూ తేడా కనిపించడానికి ఏ భాషా అక్కర్లేదు.

ఫలితాన్ని నాలుగు మెట్లలో రాసుకోండి: ఏమీ చదవదు, అక్షరాలు చదువుతుంది, మాటలు చదువుతుంది, నాలుగు వాక్యాల పేరా చదువుతుంది. తేదీ వేయండి. ఏప్రిల్లో ఇదే పరీక్ష ఒడియాలోనే మళ్లీ పెడతారు.

చివరి రెండు మెట్లలో ఉన్న పిల్లకు రోజూ ఇరవై నిమిషాలు ఒడియా పుస్తకం చదువుకోనివ్వండి. "ఇక్కడికొచ్చాక ఒడియా ఎందుకు" అనకండి. జూన్‌లో తను వెళ్లేది ఒడియా బడికే. మొదటి మెట్టులో ఉన్నవాళ్లకు, పెద్ద పిల్లల్లో ఒకరిని చిన్న టీచర్ చేసి ఒడియా అక్షరాలు దిద్దించండి. మీరు పక్కన కూర్చుంటే చాలు.

7. తెలుగు: ముందు నోరు, తర్వాత చెవి, ఆ తర్వాతే పలక

మొదటి మూడు వారాలు అచ్చంగా మాటలే. పనికొచ్చే మాటలు ముందు: నీళ్లు కావాలి, ఒంటికి వెళ్తా, అర్థం కాలేదు, ఇంకా కావాలి, చాలు, నొప్పి, ఇవ్వు, తీసుకో, నా పేరు. ఆ తర్వాత శరీరం, కూరగాయలు, ఇల్లు, బట్టీలో కనిపించే వస్తువులు. ఇటుక, మట్టి, బూడిద, ఎండ, ట్రాక్టర్. బట్టీ సంగతులు వాళ్లు మనకంటే బాగా చెప్పగలరు, చెప్పనివ్వండి.

బండి లాగడానికి ఉమ్మడి మాటలు ఉన్నాయి. పుస్తకం–పుస్తక, ఆకాశం–ఆకాశ, దీపం–దీప, ఫలం–ఫళ, సూర్యుడు–సూర్య, నది. ఇలాంటివి రోజుకు నాలుగు బోర్డు మీద బొమ్మతో వేయండి. తమకు సగం తెలుగు ముందే వచ్చన్న ధైర్యం పిల్లలకు వస్తుంది.

నాలుగో వారం నుంచి అక్షరాలు. ఒడియా చదవడం వచ్చిన పిల్లకు అ ఆ ఇ ఈ అంటూ మొదటి నుంచి దిద్దించడం టైం వేస్ట్. వాళ్ల వర్ణమాల వరుస కూడా క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ. గుణింతం అనే ఆలోచనా వాళ్లకు తెలుసు. ఒక చార్టు మీద వాళ్ల చేతే ఒడియా అక్షరం రాయించి, దాని కింద మీరు తెలుగు అక్షరం రాయండి. వరుస తెలిసిన పిల్లకు ఆకారం మారడమే కొత్త. వారం, పది రోజుల్లో హల్లులు పట్టేస్తారు.

వాళ్లు చేసే తప్పులు ముందే తెలిస్తే మీకు కోపం రాదు:

- హ్రస్వం, దీర్ఘం కలిసిపోతాయి. ఒడియా రాతలో ఇ, ఈ రెండూ ఉన్నా పలకడంలో తేడా లేదు. ఉ, ఊ కూడా అంతే. 'పులి'ని 'పూలి' అని రాస్తే అజాగ్రత్త కాదు, చెవికి తేడా తెలియలేదు. దీర్ఘం వచ్చినప్పుడు చేయి చాపించి, హ్రస్వానికి చిటిక వేయించి ఆటగా చేయండి.
- ఎ, ఏ జంట గానీ ఒ, ఓ జంట గానీ వాళ్లకు లేవు. ఒక్కో అక్షరమే ఉంది. 'తెలుపు', 'తేలు' లాంటి మాటలు విడిగా నేర్పాలి.
- వాళ్ల 'అ' మన చెవికి 'ఒ'లా వినిపిస్తుంది. 'కలప' చూసి 'కొలొపొ' అని చదివితే అక్షరాలు వచ్చినట్టే, పలుకు సరిచేస్తే చాలు.
- వ బదులు బ. 'వాన' 'బాన' అవుతుంది.
- శ, ష, స మూడూ స. దీన్ని పట్టించుకోకండి, మన పిల్లలూ సరిగ్గా పలకరు.

ణ, ళ పుస్తకాల ఒడియాలోనూ ఉన్నాయి కాబట్టి అక్షరాలుగా కొత్త కావు. సంబల్‌పురిలో మాత్రం అవి న, ల అయిపోతాయి, పలుకు తప్పితే కోప్పడకండి.

ఒడియా కూడా రాని పిల్లకు ఈ చార్టు పద్ధతి కుదరదు. వాళ్లకు తమ పేరులోని అక్షరాలతో మొదలుపెట్టి, తొలిమెట్టులో (చదవడం, రాయడం, లెక్కల పునాది నేర్పే సర్కారు కార్యక్రమంలో) మీరు చేసే పద్ధతే చేయండి, కాస్త నెమ్మదిగా.

ఇంగ్లిష్ మీడియం సంగతి చాలామంది అడుగుతారు. మన వాచకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్నాయి కదా, మూడు భాషలు ఒకేసారి నెత్తిన వేయకండి. ఇంగ్లిష్‌లో పాటలు, ఆటలు, వస్తువుల పేర్లు చాలు.

8. లెక్కల్లో వాళ్లను ముందు నిలబెట్టండి

భాష తక్కువ కావాల్సిన సబ్జెక్టు ఇది. పిల్ల మొదటి గెలుపు ఇక్కడే రావాలి. ఒడియా అంకెలు వేరు, నాలుగు మన కంటికి ఎనిమిదిలా ఉంటుంది. పిల్ల 4 వేయాల్సిన చోట 8 లాంటిది వేస్తే తప్పు కొట్టే ముందు నోటితో చెప్పించండి. నోటి జవాబు సరైతే మార్కు ఇవ్వండి. ఒక పట్టీ మీద రెండు రకాల అంకెలూ పక్కపక్కన రాసి గోడకు అంటిస్తే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

మన సంఖ్యల పేర్లు వాళ్లకు సులువు. ఒడియాలో పదకొండు నుంచి తొంభైతొమ్మిది దాకా ఒక్కొక్కటీ విడిగా కంఠతా పట్టాలి. మనకు ఇరవై ఒకటి, ముప్పై ఒకటి అని కలుపుకుంటూ పోతే సరిపోతుంది. నోటి లెక్కలకు ఇటుకల గుట్టలు వాడండి. వెయ్యి ఇటుకలకు ఇంత కూలి అనే లెక్కలో పెరిగిన పిల్లలు, వేలు అంటే భయపడరు. రాతలెక్కలు, అంటే కథలా ఉండే ప్రశ్నలు, మొదటి రెండు నెలలు బొమ్మ గీసి ఇవ్వండి.

9. రెండు వారాలకోసారి ఇలా సరిచూసుకోండి

ఎన్ని అక్షరాలు వచ్చాయని మాత్రమే లెక్కపెడితే మోసపోతారు. బోర్డు మీదున్నది అందంగా దించేసే పిల్లకు ఒక్క ముక్క అర్థం కాకపోవచ్చు. నేను చూసేవి ఇవి.

రెండో వారం: ఎవరూ అడక్కుండా నీళ్లకో ఒంటికో తనే అడిగిందా? ముగ్గురు తెలుగు పిల్లల పేర్లు చెప్పగలదా? ఆటల్లో ఎవరైనా తనను పిలుస్తున్నారా? మూడింటికీ లేదు అయితే పాఠం ఆపి 5వ మెట్టుకు వెళ్లండి.

ఆరో వారం: "చార్టు తీసి బల్ల మీద పెట్టి కిటికీ మూయి" అంటే చేతి సైగ లేకుండా చేస్తుందా? చేతులు వెనక పెట్టుకుని చెప్పండి, లేకపోతే మీ వేలు చూసి చేసేస్తుంది. బొమ్మ చూపిస్తే మూడు ముక్కలు కలిపి చెబుతోందా? మధ్యలో ఒడియా మాటలు దొర్లినా పర్వాలేదు.

పన్నెండో వారం: ఇంతకు ముందు చూడని రెండు మూడక్షరాల మాటలు చదువుతోందా? 'ఇంతకు ముందు చూడని' అన్నది ముఖ్యం. వాచకంలోవే అడిగితే కంఠతా పట్టి చెప్పేస్తారు.

ఒక పిల్ల నెలన్నర దాటినా తెలుగులో నోరు విప్పకపోతే కంగారు పడకండి. చెప్పింది అర్థమై చేస్తుంటే లోపల నేర్చుకుంటున్నట్టే. కానీ ఒడియాలో కూడా తోటి పిల్లలతో మాట్లాడకపోతే, పిలిచినా తిరగకపోతే వినికిడి చూపించండి. బడికి వచ్చే ఆరోగ్య బృందానికి చెప్పండి, లేదా ఆశా కార్యకర్తతో పీహెచ్‌సీకి పంపండి.

10. రాని రోజులను చదవండి

హాజరు పట్టీలో ఎర్ర సిరా వేసే ముందు ఏ రోజు రాలేదో చూడండి. వారంలో ఒకే రోజు గైర్హాజరైతే అది అంగడి రోజు. వారం ఖర్చులకు డబ్బులు ఇచ్చేది ఆ రోజే, ఇంటిల్లిపాదీ సరుకులకు వెళతారు. ఆ రోజు కొత్త పాఠం పెట్టకండి. పొద్దున ఆలస్యంగా వస్తున్నారంటే తెల్లవారుజామున పనిలో సాయం చేస్తున్నారన్నమాట. గేటు బయట నిలబెట్టకండి, వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. తల్లితో మాట్లాడండి. మూడు రోజులు వరసగా రాకపోతే అదే రోజు బట్టీకి ఫోన్ చేయండి. కుటుంబం రాత్రికి రాత్రి ఇంకో బట్టీకి మారిపోవచ్చు. ఎక్కడికి వెళ్లారో తెలిస్తే అక్కడి హెడ్మాస్టర్‌కు ఫోన్ చేసి పిల్ల పేరు, మీ నోటుబుక్‌లోని నాలుగు పేజీల ఫొటోలు పంపేయండి.

11. వెళ్లిపోయే ముందు చేతిలో కాగితం పెట్టండి

ఏప్రిల్ మొదటి వారంలోనే మొదలుపెట్టండి. సెలవులిచ్చాక ఎవరూ దొరకరు.

ముందు 6వ మెట్టులో పెట్టిన ఒడియా పరీక్ష మళ్లీ పెట్టండి. డిసెంబరులో పేరా చదివిన పిల్ల ఇప్పుడు మాటల దగ్గర తడబడుతోందంటే తెలుగు నేర్పే హడావుడిలో మనం దాని ఒడియాను ఎండబెట్టామన్నమాట. మిగిలిన రెండు మూడు వారాలు రోజూ గంట ఒడియా చదివించండి.

తర్వాత రికార్డ్ షీట్. దాంతోపాటు ఒక పేజీ ఉత్తరం: పిల్ల పేరు ఆధార్‌లో ఉన్నట్టు, పెన్ నంబరు, ఏ తరగతి, ఎన్ని రోజులు హాజరైంది, ఒడియా చదవడం ఏ మెట్టు, లెక్కల్లో ఎక్కడిదాకా, మీ ఫోన్ నంబరు. ఇది తెలుగులో రాస్తే అక్కడ చిత్తు కాగితం. ఇంగ్లిష్‌లో రాయండి, కుదిరితే కింద ఒడియాలో నాలుగు ముక్కలు ఎవరిచేతైనా రాయించండి. రెండు కాపీలు. ఒకటి ప్లాస్టిక్ కవర్లో తల్లికి ఇవ్వండి, తండ్రికి కాదు. నా అనుభవంలో తల్లి చేతి సంచిలోదే ఊరు చేరుతుంది. ఇంకొకటి ఫొటో తీసి వాళ్ల ఊరి హెడ్మాస్టర్‌కు వాట్సాప్ చేయండి. యూడైస్‌లో పేరును డ్రాప్‌బాక్స్‌లోకి వదలడం మరిచిపోకండి, మీరు వదలకపోతే అక్కడ వాళ్లు చేర్చుకోలేక ఇబ్బంది పడతారు. పిల్లకు ఒక ఒడియా కథ, ఒక తెలుగు కథ ప్రింట్ తీసి ఇచ్చి పంపండి.

జూన్ ఆఖరి వారంలో ఒక్కసారి ఆ హెడ్మాస్టర్‌కు ఫోన్ చేయండి. మీకు ఒడియా రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇద్దరికీ వచ్చిన హిందీ అంతంతమాత్రం. పిల్ల పేరు చెప్పి "స్కూల్ ఆయా?" అంటే ఆయనకు అర్థమవుతుంది. వచ్చిందంటే నోటుబుక్‌లో ఆ పేజీ మీద టిక్కు పెట్టి, నవంబరు దాకా బీరువాలో దాచండి. అదే కుటుంబం మళ్లీ అదే బట్టీకి రావచ్చు.